కుండనీటి చలువ

వేసవికాలము. మధ్యాహ్నపుటెండ నిప్పులు చెఱగుచున్నది. వీథిలో మనుష్యసంచారము లేదు. కుక్కలు అరుగుల నీడను చేరి, నాలుకలు వ్రేలవైచి రొప్పుచున్నవి. కాకులు వేపకొమ్మలపై నోళ్లు తెఱచికొని కూర్చున్నవి. గేదెలు ముక్కులు మాత్రము పైకి కనబడునట్లు చెఱువునీటిలో మునిగియున్నవి. అట్టి వేళ దూరమునుండి నడచి వచ్చిన బాటసారి యొకడు మన యింటి యరుగుపై కూలబడి దాహమడిగినాడనుకొనుడు. ఇంటిలో నీరు రెండు పాత్రలయందు కలదు. ఇత్తడి బిందెలోని నీరు గోరువెచ్చగా నున్నది. మూలను ఇసుకమీద కూర్చుండబెట్టిన మట్టికుండలోని నీరు చల్లగా నున్నది. మనము బాటసారికి కుండలోని నీటినే ముంచి యిత్తుము. అతడు త్రాగి, ప్రాణము లేచివచ్చినదని దీవించి పోవును.

బాలబాలికలారా! ఈ చిన్న విషయమును మీరెన్నడైన ఆలోచించితిరా? బిందెలోని నీరును, కుండలోని నీరును ఒకే బావినుండి ఒకే ఉదయమున తోడి తెచ్చినవే. రెండు పాత్రలును ఒకే గదిలో, ఒకే గాలిలో నున్నవి. కుండక్రింద మంచుగడ్డ లేదు. దానికి విద్యుత్తీగ లేదు. మఱి యీ భేదమెట్లు కలిగెను?

ఈ ప్రశ్నను నేను ఏటేట తరగతిలో అడుగుచుండెడివాడను. పలువురు బాలురు, “మట్టికి చలువచేయు గుణము కలదండీ!” అని బదులు చెప్పెడివారు. ఇది వినుటకు బాగుగనే యున్నది; కాని పరీక్షకు నిలువదు. నీరు పోయని పొడికుండలో చేయి పెట్టి చూడుడు. అది గదిలోని తక్కిన వస్తువులకంటె చల్లగా నుండదు. ఒక కుండకు వెలుపల దట్టముగా రంగు పూసి, ఆరిన పిదప నీరు నింపి చూడుడు. ఆ నీరు బిందెలోని నీటివలెనే వెచ్చగా నుండును. కావున చలువ మట్టిలో లేదు. రంగు పూయుటచేత ఏది ఆగిపోయినదో, దానిలో నున్నది.

ఏది ఆగిపోయినది? ఇది తెలియవలెనన్న కుమ్మరివాని పని చూడవలెను. అతడు మట్టిని నానబెట్టి, త్రొక్కి, సారెపై కుండ నెత్తి, ఆరబెట్టి, ఆవములో కాల్చును. ఆ కాల్పులో మట్టిరేణువులు ఒకదానితో నొకటి అంటుకొని గట్టిపడును గాని, కరగి గాజువలె ఏకమైపోవు. రేణువునకును రేణువునకును నడుమ కంటికి కానరాని సన్నని సందులు మిగిలియుండును. ఆ సందులగుండ లోపలి నీరు మెల్లమెల్లగా వెలుపలికి ఊరును. క్రొత్తకుండ ఉపరితలమును వ్రేలితో తాకినచో చెమ్మ తగులును. కుండక్రింది యిసుక ఎల్లప్పుడును తడిగా నుండుటకు కారణము ఇదియే. పింగాణీపాత్రలకు పైపూత యుండుటచేత నీరు ఊరదు. లోహపుబిందెకు సందులే లేవు. ఏండ్ల తరబడి వాడిన కుండలో నీటియందలి లవణములు సందులలో పేరుకొని వానిని మూసివేయును. అందుచేతనే ప్రాతకుండ నీటిని చల్లబఱచదనుచు గృహిణులు ప్రతి వేసవికిని క్రొత్తకుండను కొందురు.

ఇట్లు వెలికి వచ్చిన నీరు ఏమగును? గాలి తగిలి ఆవిరియై పోవును. చలువకు మూలమిదియే. నీరు మరగినప్పుడే ఆవిరియగునని మీరు తలంపవలదు. ఆరవేసిన బట్టనుండియు, చెఱువుపైనుండియు నీరు అనుక్షణము ఆవిరియగుచునే యుండును. నీటియందలి అణువులు నిలుకడగా నుండక ఎల్లవేళల చలించుచుండును. వానిలో కొన్ని వేగముగలవి, కొన్ని మందగమనముగలవి. మిక్కిలి వేగముగల అణువులు పొరుగువాని ఆకర్షణను త్రెంచుకొని గాలిలోనికి ఎగిరిపోవును. మందగమనము గలవి మిగిలిపోవును. మీ తరగతిలోని పొడగరులైన పదిమంది బాలురు వెలుపలికి పోయిరనుకొనుడు. మిగిలినవారిలో ఎవ్వరును పొట్టివారు కాలేదు. అయినను తరగతి సగటు ఎత్తు తగ్గును. అట్లే, వేగముగల అణువులు వెడలిపోగా మిగిలిన నీటి సగటు వేగము తగ్గును. అణువుల సగటు వేగము తగ్గుట యనగా నీరు చల్లబడుటయే.

ఇప్పుడు కొంచెము లెక్క వేయుదము. ఒక గ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడి చేయుటకు ఒక కేలరీ ఉష్ణము కావలెను. కాని వేసవి వేడిమిలో ఒక గ్రాము నీరు ఆవిరియై పోవుటకు సుమారు 580 కేలరీలు కావలెను! ఈ ఉష్ణమును అది ఎక్కడనుండి తెచ్చుకొనును? పొయ్యి లేదు గదా! మిగిలిన నీటినుండియు, కుండనుండియు లాగుకొనిపోవును. పది లీటర్ల కుండనీటిని 10 డిగ్రీలు చల్లబఱచుటకు ఒక లక్ష కేలరీలు తొలగవలెను. లక్షను 580చే భాగించిన 172 వచ్చును. అనగా 172 గ్రాముల నీరు ఆవిరియైన చాలును. అది ఒక గ్లాసెడు నీరు కూడ కాదు. చుట్టునున్న గాలి కుండను మరల వేడి చేయుచునే యుండును గనుక వాస్తవమున ఇంతకంటె నెక్కువ నీరే ఖర్చగును. అయినను బేరము మనకు లాభకరమైనదే. కొంత నీరు తాను వెడలిపోవుచు, మిగిలిన నీటినంతయు చల్లబఱచి పోవుచున్నది.

ఆవిరి తీసికొనిపోయిన ఉష్ణము నశించినదని భావింపరాదు. ఆవిరి తిరిగి నీరైనచోట అది మరల బయటపడును. మరగుచున్న నీటికంటె దాని ఆవిరి చేతిని ఎక్కువగా కాల్చుటకు కారణమిదియే. మంచునీటి గ్లాసుకు వెలుపల బిందువులు పట్టుట మీరు చూచియుందురు. గ్లాసు కారినదని కొందఱు పొరబడుదురు. అది లోపలి నీరు కాదు. గాలిలోని ఆవిరి చల్లని గాజును తాకి నీరైనది. ఆ నీరు తన ఉష్ణమును గ్లాసునకు ఇచ్చి లోపలి నీటిని వెచ్చబఱచును. కుండమీది చెమ్మ లోపలినుండి వచ్చి చలువ నిచ్చుచున్నది. గ్లాసుమీది చెమ్మ వెలుపలినుండి వచ్చి వేడిమి నిచ్చుచున్నది. చూపునకు రెండును ఒక్కటియే. పని మాత్రము విరుద్ధము.

కుండ అన్ని దినములలోను, అన్ని చోట్లను ఒకే విధముగా పని చేయదు. పల్నాటిలోని రెంటచింతలలోను, రాయలసీమలోను వేసవి గాలి మిక్కిలి పొడిగా నుండును. అట్టి గాలి తడిని ఆత్రముతో పీల్చుకొనును. కావున కుండనీరు చక్కగా చల్లబడును. కాకినాడ, విశాఖపట్టణము మొదలైన సముద్రతీరపట్టణములలో గాలియందు అదివఱకే తేమ నిండియుండును. నిండిన సంచిలో ఇంకను ధాన్యము పట్టనట్లు, అట్టి గాలిలో ఆవిరికి చోటు తక్కువ. అచ్చట కుండనీరు అంతగా చల్లబడదు. వర్షాకాలమున ఆరవేసిన బట్టలు రెండు దినములకును ఆరకపోవుట, ఆ దినములలో కుండనీరు చల్లబడకపోవుట ఒకే కారణమునుండి పుట్టిన కవలలు.

చలువకు గల ఈ మేరను కొలుచుటకు సులభమైన ఉపాయము కలదు. ఉష్ణమాపకము బుడ్డికి తడిగుడ్డ చుట్టి, గాలి తగులునట్లు విసరవలెను. అప్పుడు అది చూపు అంకెను తడిబుడ్డి ఉష్ణోగ్రత అందురు. గాలి 40 డిగ్రీల వేడిమితో నున్నను, తేమ 20 పాళ్లే యున్నచో తడిబుడ్డి సుమారు 23 డిగ్రీలు చూపును. గాలి 35 డిగ్రీలే యైనను, తేమ 75 పాళ్లున్నచో తడిబుడ్డి 31 డిగ్రీలకు దిగువకు రాదు. కుండ ఎంత మంచిదైనను తనలోని నీటిని ఈ మేరను దాటి చల్లబఱచలేదు. ఈ అంకెను జ్ఞాపకముంచుకొనుడు. కుండకు మాత్రమే కాదు, మన ప్రాణమునకు కూడ దీనితో సంబంధమున్నదని కొంతసేపటికి తెలియును.

మన పెద్దలు ద్వారబంధములకు వట్టివేళ్ల తడికలు కట్టి, వానిపై నీరు చల్లుచుండెడివారు. వడగాలి ఆ తడిలోనుండి దూరి వచ్చునప్పటికి చల్లనై, పరిమళభరితమై యుండెడిది. నేడు మన యిండ్లలోని ఎయిర్ కూలర్ చేయు పనియు ఇదియే. నైజీరియా దేశమున కుండలు చేయు కుటుంబములో జన్మించిన మహమ్మద్ బాహ్ అబ్బా అను ఉపాధ్యాయుడు, పెద్దకుండలో చిన్నకుండ నుంచి, నడుమ తడియిసుక నింపి, లోపల కూరగాయలను వాడిపోకుండ నిలువచేయు పద్ధతిని పల్లెలలో వ్యాపింపజేసెను. అందులకు 2000వ సంవత్సరమున ఆయనకు రోలెక్స్ పురస్కారము లభించెను. 2001 జనవరి 26వ తేదీన గుజరాతులో భయంకరమైన భూకంపము వచ్చినప్పుడు, పగిలిన మట్టికుండలను పేదవాని ఫ్రిజ్‌గా వర్ణించి ఒక పత్రిక చిత్రమును ప్రకటించెను. వాంకానేరు నివాసియైన మన్‌సుఖ్‌భాయి ప్రజాపతి యను కుమ్మరి ఆ మాటను మనస్సున నుంచుకొని, 2005లో విద్యుత్తుతో పనిలేని మట్టి ఫ్రిజ్‌ను తయారుచేసి, దానికి మిట్టికూల్ అని పేరు పెట్టెను.

ఈ సూత్రమును శ్రద్ధగా పరీక్షించినవారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకడు. మెఱుపును గూర్చి పరిశోధించిన అమెరికా దేశీయుడు ఆయనయే. 1758లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జాన్ హాడ్లీ యను మిత్రునితో కూడి, ఉష్ణమాపకము బుడ్డిని ఈథర్ అను ద్రవముతో మాటిమాటికి తడిపి, తిత్తితో గాలి యూదించెను. ఈథర్ నీటికంటె మిక్కిలి త్వరగా ఆవిరియగును. గదిలోని వేడిమి 18 డిగ్రీలు. ఉష్ణమాపకము మాత్రము దిగిదిగి సున్నకు దిగువను 14 డిగ్రీలు చేరెను. బుడ్డిపై మంచు పేరుకొనెను! వేసవిదినమున మంచు లేకయే మంచును పుట్టింపవచ్చునని తేలినది. అంతట ఫ్రాంక్లిన్ దృష్టి పంటపొలములవైపు మఱలెను. పెన్సిల్వేనియాలో ఎండలో కోతకోయు కూలీలు చెమట పట్టుచున్నంతవఱకు పని చేయగలుగుచున్నారనియు, చెమట ఆగినచో కూలిపోవుచున్నారనియు, ఒక్కొక్కప్పుడు మరణించుచున్నారనియు ఆయన ఆ సంవత్సరమే ఒక లేఖలో వ్రాసెను. ఉష్ణమాపకమునుండి మానవశరీరమునకు ఆయన వేసిన ఈ అడుగు చాల గొప్పది.

అవును, బాలబాలికలారా! మన దేహమే ఒక కుండ. కుండకు సన్నని సందులున్నట్లు మన చర్మమునందు ఇరువది లక్షలకు పైగా స్వేదగ్రంథులు కలవు. దేహములోని వేడిమి సుమారు 37 డిగ్రీల వద్ద నిలిచియుండవలెను. అది 40 దాటినచో మెదడు మొదలైన అవయవములు దెబ్బతినును. వెలుపలి గాలి మనకంటె చల్లగా నున్నప్పుడు మన వేడిమి దానంతట అదియే గాలిలోనికి పోవును. గాలి 42 డిగ్రీలున్నప్పుడో? గాలియే మనలను వేడి చేయును. కష్టించి పని చేయుచున్న కండరములు లోపలినుండి వేడిని పుట్టించుచుండును. అప్పుడు మనకు మిగిలిన మార్గము ఒక్కటే, అది చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల ఉష్ణమును మోసికొని పోవును. అంత ఉష్ణము పోక దేహమునందే నిలిచినచో, పెద్దవాని శరీరము 10 డిగ్రీలకు పైగా వేడెక్కును, ప్రాణము నిలువదు. ఒక్క మాట మఱువరాదు: ఆవిరియైన చెమటయే చలువ నిచ్చును. కారి నేలపాలైన చెమట వలన ప్రయోజనము లేదు.

ఈ సత్యమును నిరూపించిన సాహసకార్యమొకటి 1774లో లండను నగరమున జరిగెను. జార్జి ఫోర్డైస్ అను వైద్యుడు ఒక గదిని పొయ్యివలె వేడి చేయించెను. చార్లెస్ బ్లాగ్డెన్ అను మఱియొక వైద్యుడు దానిలో ప్రవేశించెను. గాలి సుమారు 127 డిగ్రీలుండెను. మరగునీటికంటెను వేడియైన ఆ గాలిలో ఆయన కొన్ని నిమిషములు నిలిచి క్షేమముగా వెలికి వచ్చెను. ఆ గదిలోనే తగరపుచట్రముపై నుంచిన కోడిగ్రుడ్లు 20 నిమిషములలో గట్టిగా ఉడికెను. మాంసపుముక్క యొకటి 33 నిమిషములలో మితిమీరి ఉడికెను. మఱియొక దానిపై తిత్తితో గాలి యూదగా 13 నిమిషములలోనే ఉడికెను. జీవములేని మాంసము ఉడికిపోవు గదిలో జీవముగల మనుష్యుడు నిలిచియున్నాడు! ఇంకొక వింత వినుడు. అచ్చట పాత్రలో నుంచిన నీరు ఎంతకును మరగలేదు. ఆవిరియగుచు తన్ను తాను చల్లబఱచుకొనుచుండెను. దానిపై కొంచెము నూనె తేలవేసి ఆవిరి నడ్డగించిన పిదప మరగెను. రంగు పూసిన కుండ కథయు ఇదియే గదా!

ఆ గది గాలి పొడిగా నుండుటచేతను, ఆయన కొద్దిసేపే యుండుటచేతను అది సాధ్యమైనది. ఎవ్వరును అనుకరింపదగినది కాదు. తిత్తితో గాలి యూదగా మాంసము త్వరగా ఉడికిన సంగతియు గమనింపదగినది. వేడిగాలి విసరుట పొడివస్తువును చల్లబఱచదు. మఱింత వేడి చేయును. తడి యున్నప్పుడే విసనకఱ్ఱ మేలు చేయును. వడగాడ్పులో దాహముతో చెమట తగ్గిన వానికి గాలి మిత్రుడు కాదు, శత్రువు.

జంతువులును ఈ సూత్రము ననుసరించియే బ్రదుకుచున్నవి. కుక్కకు దేహమంతట మనవలె చెమట పట్టదు. అందుచేత నాలుక చాచి రొప్పుచు, నోటితడిని ఆవిరిగా మార్చి చల్లబడును. కాకి నోరు తెఱచుటయు ఇందులకే. గేదెకు ఆవుకంటె స్వేదగ్రంథులు తక్కువ. మేని నలుపు ఎండను ఎక్కువగా పీల్చును. నీటిలో మునుగుట దానికి సోమరితనము కాదు, అవసరము. ఎండలో కట్టివేసిన గేదెను చూచినప్పుడు ఈ మాట జ్ఞాపకము తెచ్చుకొనుడు.

నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో పల్నాటిసీమలోని ఒక గ్రామమున పనిచేయుచుంటిని. వైశాఖమాసమున ఒకనాటి మధ్యాహ్నము, గొఱ్ఱెలు కాయబోయిన బాలు నొకని నలుగురు మోసికొని వచ్చి పాఠశాల వసారాలో పరుండబెట్టిరి. వాడు మీ యీడువాడే. మేను పెనమువలె కాలుచుండెను. చర్మము పొడిగా నుండెను. కన్నులు తేలవైచి, పొంతనలేని మాటలేవో గొణుగుచుండెను. గాలి తగులరాదని ఒకరు కంబళి కప్పబోయిరి. మఱియొకరు నోటిలో నీరు పోయబోయిరి. నాకు శాస్త్రము తెలియును. కాని ఆ క్షణమున చేయి ఆడలేదు.

అంతలో ఎదురింటి కుమ్మరి అవ్వ పరుగున వచ్చినది. “కంబళి తీయండి నాయనా! తెలివిలేని పిల్లవాని నోట నీరు పోయవద్దు, ఊపిరికి అడ్డము పడును!” అని కేకవేసినది. తన యింటినుండి రెండు కుండల నీరు తెప్పించి, వాని చొక్కా విప్పించి, పంచె తడిపి మేనంతయు కప్పి, పైన నీరు చిలుకరించుచు, చేటతో విసరసాగినది. నన్ను చూచి, “నిలుచుంటివేమి అయ్యవారూ! ఆ వైపున నీవును విసరు” అన్నది. నేను తాటాకు విసనకఱ్ఱ నందుకొంటిని. గుడ్డ ఆరుచున్నకొలది తడుపుచు, తడుపుచున్నకొలది విసరితిమి. కొంతసేపటికి వాని మేని కాక తగ్గినది. “అమ్మా!” అని స్పష్టముగా పిలిచినాడు. అప్పుడు బండి కట్టించి ఆసుపత్రికి పంపితిమి. వాడు బ్రదికినాడు.

సాయంకాలమున అవ్వ యింటికి పోయి, “ఈ వైద్యము నీకెవరు నేర్పిరి అవ్వా?” అని అడిగితిని. ఆమె నవ్వి, “ఎవరు నేర్పవలెను నాయనా? డెబ్బది యేండ్లుగా కుండలతో కాపురము చేయుచున్నాను. కుండ తడిగా నుండి గాలి తగిలిన చల్లబడును. పిల్లవాని ఒంట తడి ఆరిపోయినది. ఆ తడిని మనము పెట్టితిమి, అంతే” అన్నది. నేను పట్టా పుచ్చుకొని చదివిన పాఠమును ఆమె చేతులతో చదివినది. ఆనాటినుండి కుండను గూర్చి తరగతిలో చెప్పునప్పుడెల్ల ఆమెను మనస్సులో తలచుకొనుచుందును.

అందఱును ఆ బాలునివలె అదృష్టవంతులు కారు. 2003వ సంవత్సరపు వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైరి. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి మరల వేయిమందికి పైగా మరణించిరి. వడగాడ్పు అందఱిని ఒకే తీరున బాధింపదు. ఎండలో పనిచేయక పూటగడవని కూలీలు, పశువులకాపరులు, చెమట పట్టు శక్తి సన్నగిల్లిన వృద్ధులు ముందుగా దాని వాతబడుదురు.

ఇప్పుడు తడిబుడ్డి అంకెను మరల జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మన చర్మపు వేడిమి సుమారు 35 డిగ్రీలు. తడిబుడ్డి 35 డిగ్రీలకు చేరినచో, చెమట ఎంత పట్టినను అది దేహమును చల్లబఱచలేదు. నీడలో ఊరక కూర్చున్న ఆరోగ్యవంతుడును కొన్ని గంటలకంటె నిలువజాలడని 2010లో షెర్వుడ్, హ్యూబర్ అను శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. 2022లో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయమువారు ఆరోగ్యవంతులైన యువకులను పరీక్షించి, తేమగాలిలో సుమారు 31 డిగ్రీలకే దేహము తన వేడిని అదుపు చేసికొనలేకపోవుచున్నదని కనుగొనిరి. కావున సముద్రతీరమున, “నేడు 35 డిగ్రీలే గదా!” యని ఏమఱియుండరాదు. ఉష్ణమాపకము చూపు అంకె సగము కథ. తేమ మిగిలిన సగము. ఉక్కగా నున్నది, చెమట ఆరుటలేదు అని మనమనుకొను దినమే జాగ్రత్త వహింపవలసిన దినము.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. మిట్టమధ్యాహ్నపు పనిని ఉదయమునకో సాయంకాలమునకో మార్చుకొనవలెను. దాహము వేయువఱకు ఆగక నీరు త్రాగవలెను. నీరు లేని కుండ చెమర్చలేదు గదా! చెమటతోపాటు ఉప్పును పోవును గనుక ఉప్పు కలిపిన మజ్జిగ, గంజి, అంబలి మేలు చేయును. గాలి దూరు వదులైన నూలుబట్టలు కట్టవలెను. ఎవరైన ఎండలో తడబడుచు, పొంతనలేని మాటలాడుచు, మేను కాలుచు కనబడినచో, వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, మేనంతయు తడిపి విసరవలెను. 108కి కబురు చేయవలెను. చెమట పట్టియున్నదని ధైర్యపడరాదు. కష్టించి పనిచేయువారికి చెమట పట్టియుండగనే వడదెబ్బ తగులవచ్చును. స్మృతిలేనివాని నోట నీరు పోయరాదు.

మీరు స్వయముగా చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. ఒకే పరిమాణము గల మూడు పాత్రలు తెండు: ఒక మట్టికుండ, రంగు పూసిన మట్టికుండ, ఒక స్టీలు పాత్ర. మూడింటను ఒకే బావినీరు నింపి నీడలో నుంచి, గంట గంటకు ఉష్ణోగ్రతను వ్రాసికొనుడు. ఉదయమున, సాయంకాలమున మూడింటిని తూచుడు. ఏది చల్లబడినదో, ఏది బరువు తగ్గినదో చూచి, ఆ రెండింటికి గల సంబంధము కనిపెట్టుడు. వర్షాకాలమున ఇదే పరీక్షను మరల చేసి పోల్చుడు. పుస్తకములో చదివినది మఱచిపోవచ్చును. చేతితో కొలిచినది మఱువజాలరు.

పరీక్ష ముగిసిన పిదప ఆ మట్టికుండను పాఱవేయవలదు. శుభ్రముగా కడిగి, మంచినీరు నింపి, మూతపెట్టి, ముంచుకొనుటకు పొడవైన కాడగల గరిటె నుంచి, మీ యింటి ముంగిట చెట్టునీడను నిలుపుడు. వేసవిలో చలివేంద్రములు పెట్టుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న ఆచారము. దానికి ధనము అక్కఱలేదు. ఒక కుండయు, ప్రతి ఉదయమున నీరు నింపు ఓపికయు చాలును. దారినబోవు కూలి యొకడు ఆగి ఆ నీరు త్రాగును. కొంతసేపటికి అతని నుదుట చెమట పొడమి, గాలికి ఆరి, అతని మేను చల్లబడును. మీ కుండ చేసిన పనినే అతని దేహమును చేయుచున్నదని మీకు తెలియును. అతనికి తెలియకపోవచ్చును, దాహము తీరుట అతనికి చాలును.